ఇంటి ముంగిట ఒక ప్రయోగం: కారు వేగ గ్రాహకం నేర్పే పాఠం

విజయదశమి నాడు అమెరికాలోని హిందూ దేవాలయాల పార్కింగ్ స్థలాలలో కనిపించే దృశ్యం ప్రవాసాంధ్రులెవరికీ కొత్త కాదు. కొత్తగా కొన్న కార్లు, కడిగి తుడిచిన పాత కార్లు వరుసగా నిలిచి ఉంటాయి. బానెట్ మీద పసుపు కుంకుమలు దిద్దుతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, కొబ్బరికాయ కొడతారు. పనిముట్టును గౌరవించడం తెలుగువారికి తరతరాలుగా వస్తున్న సంస్కారం. నాగలికి, తక్కెడకు, కుట్టుమిషనుకు జరిగిన ఆయుధపూజే నేడు కారుకు జరుగుతున్నది. ఇందులో ఆక్షేపించవలసినది ఏదీ లేదు. అయితే ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది. కుంకుమ దిద్దిన ఆ బానెట్‌ను మరునాడు పైకెత్తి, లోపల ఏ భాగం ఏ పని చేస్తున్నదో పిల్లలకు చూపే గృహాలు ఎన్ని?

ప్రవాసాంధ్ర కుటుంబాలలో విజ్ఞానశాస్త్ర పట్టభద్రులకు కొదవ లేదు. ప్రయోగశాలలో ఒక అంకె తేడాగా కనిపిస్తే మూడుసార్లు కొలిచి చూసేవారు, సరిపోల్చుకోవడానికి మరొక నమూనా లేనిదే ఏ ఫలితాన్నీ అంగీకరించనివారు ఎందరో ఉన్నారు. కానీ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో డాష్‌బోర్డు మీద చిన్న పసుపు దీపం వెలిగిందంటే చాలు, ఆ శాస్త్రబుద్ధి ప్రయోగశాల కోటుతో పాటు కొంకికే వేలాడుతూ ఉండిపోతుంది. గరాజులో ఏ భాగం మార్చమంటే ఆ భాగం మార్చడం, ఎంత అడిగితే అంత చెల్లించడం, దీపం ఆరిపోతే సంతోషించడం, వారం తర్వాత మళ్ళీ వెలిగితే విధిని నిందించడం పరిపాటి అయింది.

కారులోని వేగ గ్రాహకం, అనగా స్పీడ్ సెన్సర్, ఈ విషయాన్ని ఆలోచించడానికి చక్కని ఉదాహరణ. ఈ చిన్న పరికరం చెడిపోయిందో లేదో ఇంటి ముంగిటనే, ఇరవై ముప్పై డాలర్లకు దొరికే మల్టీమీటరుతో పరీక్షించవచ్చు. పరీక్షించాలి కూడా. ఆదా అయ్యే డాలర్లు ఇందులో చిన్న లాభం మాత్రమే. ఒక లక్షణానికి పలు కారణాలు ఉండవచ్చుననీ, ఏది అసలు కారణమో కొలిచి తేల్చుకోవాలనీ పిల్లలు తమ చేతులతో తెలుసుకోవడం పెద్ద లాభం.

వేగం కారుకు ఎలా తెలుస్తుంది?

పాత కార్లలో వేగమాపకానికి విద్యుత్తుతో ప్రత్యక్ష సంబంధం ఉండేది కాదు. గేర్‌బాక్స్ నుంచి మెలికలు తిరిగే ఒక ఉక్కు కేబుల్ డాష్‌బోర్డు దాకా వచ్చి, అక్కడ ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పేది. ఆ అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె వంటి భాగం ఉండేది. అయస్కాంతం తిరిగినప్పుడు ఆ గిన్నెలో సుడి ప్రవాహాలు పుట్టి, గిన్నెను తమతో పాటు లాగేవి. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు పట్టి ఉంచేది. ఈ రెండు బలాలు సమానమైన చోట ముల్లు నిలిచేది. ఈ పద్ధతికి జర్మనీలో ఓటో షుల్ట్సే 1902లో పేటెంటు పొందాడు. ఆ శతాబ్దంలో అధిక భాగం ప్రపంచమంతటా కార్లు ఈ పద్ధతి మీదనే ఆధారపడ్డాయి.

తరువాత కేబుల్ స్థానంలో తీగలు వచ్చాయి. గేర్‌బాక్స్ బయటి షాఫ్టు వద్ద పళ్ళ చక్రానికి ఎదురుగా ఒక గ్రాహకాన్ని అమర్చారు. ఒక్కొక్క పన్ను ఎదుటికి వచ్చి వెళ్ళినప్పుడల్లా అది ఒక విద్యుత్ స్పందనను పంపుతుంది. సెకనుకు ఎన్ని స్పందనలు వచ్చాయో లెక్కించి కంప్యూటర్ వేగాన్ని నిర్ణయిస్తుంది. కొన్ని అమెరికన్ కార్లలో మైలుకు 8000 స్పందనలు వెలువడే ఏర్పాటు ఉండేది. అంటే కారు ఇరవై సెంటీమీటర్లు కదిలినప్పుడల్లా ఒక స్పందన. గంటకు 60 మైళ్ళ వేగంలో నిమిషానికి ఒక మైలు గడుస్తుంది కనుక, సెకనుకు సుమారు 133 స్పందనలు. ఈ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి కష్టం కాదు.

ఈ గ్రాహకాలలో ప్రధానంగా రెండు జాతులున్నాయి. మొదటిది రెండు తీగలది. ఒక శాశ్వత అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట, అంతే దాని సంపద. ఇనుప పన్ను దగ్గరకు వచ్చి దూరమైనప్పుడల్లా అయస్కాంత అభివాహం మారి, తీగ చుట్టలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే. దీనికి బయటి విద్యుత్తు అవసరం లేదు. వేగం పెరిగినకొద్దీ వోల్టేజి, పౌనఃపున్యం రెండూ పెరుగుతాయి.

రెండవది సాధారణంగా మూడు తీగలది. ఎడ్విన్ హాల్ అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు విద్యార్థిగా ఉండి, 1879లో పలుచని బంగారు రేకు మీద చేసిన ప్రయోగం దీనికి మూలం. ప్రవాహం ఉన్న వాహకాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచితే అడ్డంగా ఒక చిన్న వోల్టేజి పుడుతుందని అతడు చూపాడు. హాల్ గ్రాహకంలో ఒక తీగ విద్యుత్తును తెస్తుంది, రెండవది భూసంబంధపు తీగ, మూడవది సంకేతపు తీగ. ఈ జాతి గ్రాహకాలలో చాలావాటికి ఒక విశేషమున్నది. సంకేతపు తీగ మీది వోల్టేజిని గ్రాహకం తాను తయారు చేయదు. కంప్యూటర్ ఆ తీగ మీద 5 వోల్టులో, కొన్ని కార్లలో అంతకు మించో ఉంచుతుంది. గ్రాహకం దానిని భూసంబంధంతో కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. కలిపినప్పుడు సున్నా, విడదీసినప్పుడు 5. ఈ చిన్న వాస్తవం మీదనే ముందు చెప్పబోయే పరీక్ష అంతా ఆధారపడి ఉన్నది.

దీపం చేసేది ఫిర్యాదే

అమెరికాలో 1996 నమూనా సంవత్సరం నుంచి అమ్ముడైన కార్లన్నింటిలో ఓబీడీ-2 అనే స్వయం పరిశీలన వ్యవస్థ తప్పనిసరి అయింది. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. చవకైన కోడ్ రీడరును అందులో పెడితే, ఇంజను దీపం ఎందుకు వెలిగిందో ఒక సంకేత సంఖ్య రూపంలో తెలుస్తుంది. వేగ గ్రాహకానికి సంబంధించిన సామాన్య సంఖ్య పి-0500. సంకేతం బలహీనంగా ఉంటే పి-0502, వచ్చి పోతూ ఉంటే పి-0503 కనిపించవచ్చు. విడిభాగాల దుకాణాలు చాలా ఊళ్ళలో ఈ సంఖ్యను ఉచితంగానే చదివి చెబుతాయి.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పి-0500కు ఎదురుగా "వెహికిల్ స్పీడ్ సెన్సర్" అని రాసి ఉండడం చూసి, ఆ సెన్సర్ చెడిపోయిందని చాలామంది నిర్ణయించుకుంటారు. నిజానికి కంప్యూటర్ చెప్పినది ఒక్కటే: "నాకు నమ్మదగిన వేగ సంకేతం అందడం లేదు." అందకపోవడానికి గ్రాహకం చెడిపోవడం ఒక కారణం కావచ్చు. తీగ తెగడం, కనెక్టరులో చిలుము పట్టడం, ఫ్యూజు కాలిపోవడం, పళ్ళ చక్రం అరిగిపోవడం, అరుదుగా కంప్యూటరే పాడుకావడం కూడా కారణాలు కావచ్చు. కోడ్ అనేది ఫిర్యాదు. ఫిర్యాదును తీర్పుగా తీసుకోవడం నాడి చూడకుండా మందు ఇవ్వడం వంటిది.

ఈ పొరపాటుకు మూల్యం డబ్బు మాత్రమే కాదు. వేగ సంకేతం తప్పినప్పుడు వేగమాపకం ముల్లు సున్నాకు పడిపోవచ్చు, ఆటోమేటిక్ గేర్లు కుదుపుతో మారవచ్చు, క్రూజ్ కంట్రోల్ పనిచేయకపోవచ్చు. అసలు లోపం అలాగే ఉండగా కొత్త సెన్సర్ వేయించి, కారు బాగుపడిందని నమ్మి, డ్రైవింగు నేర్చుకుంటున్న కూతురి చేతికి తాళాలు ఇస్తే, రహదారి మధ్యలో ఆ ముల్లు మళ్ళీ పడిపోయేది ఆమె కళ్ళ ముందే. తల్లిదండ్రుల తొందరపాటుకు మూల్యం చెల్లించేది ఆ పిల్ల.

ఒక కుటుంబం, ఒక శనివారం

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తల్లి ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తుంది. కూతురికి పదహారేళ్ళు. ఇంట్లో ఇరవయ్యేళ్ళు దాటిన సెడాన్ ఒకటి ఉన్నది. ముందు చక్రాలతో నడిచే కారు, ఆటోమేటిక్ గేర్లు, గేర్‌బాక్స్ మీద మూడు తీగల గ్రాహకం. దానిని కూతురికి ఇవ్వాలని అనుకుంటుండగా వేగమాపకం అప్పుడప్పుడు మూగబోవడం మొదలైంది. కోడ్ పి-0500. ఫోనులో అడిగితే ఒక గరాజువారు కారును చూడకుండానే సెన్సర్ మార్చాలన్నారు. మార్చే ముందు ఒకసారి కొలిచి చూద్దామని తల్లి పట్టుబట్టింది.

వారు మొదట చేసినది చదవడం. అమెరికాలోని అనేక పబ్లిక్ లైబ్రరీలు తమ సభ్యులకు మరమ్మతు గ్రంథాలను, వైరింగు పటాలను ఉచితంగా అందిస్తాయి. ఆ కారులో గ్రాహకం ఎక్కడున్నదో, ఏ రంగు తీగ దేనికి చెందినదో, ఏ ఫ్యూజు దానికి విద్యుత్తు ఇస్తుందో ఆ పటంలో చూసి కూతురు నోటు పుస్తకంలో రాసుకున్నది. తీగల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో విధంగా ఉంటాయి కనుక ఊహ పనికిరాదు.

రెండవది భద్రత. ఈ విషయంలో రాజీ ఉండకూడదు. కారు చదునైన సిమెంటు నేల మీద, చల్లబడిన ఇంజనుతో ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. ముందు చక్రాన్ని ఒకదానిని జాకీతో ఎత్తి, కారు బరువును జాకీ స్టాండు మీదికి దించాలి. జాకీ ఎత్తడానికే గాని, మోయడానికి కాదు. ఎవరూ కారు కిందికి వెళ్ళకూడదు, ఇంజను నడపకూడదు. గ్రాహకం బానెట్ పైనుంచి చేతికి అందని కారైతే ఈ పరీక్షను అక్కడితో ఆపి, పనితెలిసినవారికి అప్పగించడమే వివేకం.

ఒక్క చక్రాన్నే ఎత్తడానికి కారణమున్నది. రెండు ముందు చక్రాలూ గాలిలో ఉంటే, ఒకదానిని చేతితో తిప్పినప్పుడు డిఫరెన్షియల్ మూలంగా రెండవది వ్యతిరేక దిశలో తిరుగుతుంది, గ్రాహకం చూసే షాఫ్టు కదలకపోవచ్చు. అప్పుడు మంచి గ్రాహకం కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. రెండవ చక్రం నేల మీద నిలిచి ఉంటే షాఫ్టు తిరిగి తీరుతుంది. పరీక్షను సరిగా అమర్చకపోతే నిర్దోషికి శిక్ష పడుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఆ తరువాత ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవిని "ఆన్" స్థానానికి తిప్పి, గేరును న్యూట్రల్‌లోకి మార్చారు. మల్టీమీటరును ఏకముఖ విద్యుత్తు వోల్టుల మీద పెట్టి, నల్ల తీగను బ్యాటరీ రుణధ్రువానికి తగిలించారు. కనెక్టరును ఊడదీయకుండా, దాని వెనుకవైపు నుంచి సన్నని పిన్నును లోపలికి జార్చి, ఒక్కొక్క తీగనూ కొలిచారు. తీగ పైపొరను సూదితో గుచ్చడం మంచిది కాదు. ఆ రంధ్రం గుండానే రేపు తేమ చేరి, కొత్త రోగం పుడుతుంది.

విద్యుత్తు తెచ్చే తీగ మీద 12 వోల్టులకు పైగా కనిపించింది. అంటే ఫ్యూజు బాగున్నది. భూసంబంధపు తీగ మీద దాదాపు సున్నా. కానీ ఈ సున్నాను అలాగే నమ్మకూడదు, తెగిన తీగ మీద కూడా సున్నాయే కనిపిస్తుంది. అందుకని ఎర్ర ప్రోబును బ్యాటరీ ధనధ్రువానికి, నల్ల ప్రోబును ఈ తీగకు పెట్టి కొలిచారు. బ్యాటరీ వోల్టేజి మొత్తం కనిపించింది కనుక భూసంబంధం సరిగానే ఉన్నది. ఇక మిగిలినది సంకేతపు తీగ. ఎర్ర ప్రోబు దాని మీద, నల్లది తిరిగి రుణధ్రువం మీద పెట్టారు. కూతురు చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే తండ్రి మీటరు చూశాడు. సున్నా. ఎంత తిప్పినా సున్నా.

"సెన్సరే పోయింది, గరాజువాళ్ళు సరిగానే చెప్పారు" అన్నాడాయన.

"అప్పుడే తేల్చకండి. ఈ సున్నా ఎవరిదో ఇంకా తెలియలేదు" అన్నది తల్లి.

ఆ మాటలో విజ్ఞానశాస్త్రమంతా ఇమిడి ఉన్నది. సంకేతపు తీగ మీద ఎప్పుడూ సున్నా ఉండడానికి రెండు కారణాలుండవచ్చు. గ్రాహకం లోపల చెడిపోయి, తీగను ఎడతెగకుండా భూసంబంధంతో కలిపి ఉంచితే సున్నా. కంప్యూటర్ పంపవలసిన 5 వోల్టులు తీగ గుండా ఇక్కడిదాకా రాకపోయినా సున్నాయే. రెండింటికీ మీటరు చూపే అంకె ఒక్కటే, చికిత్సలు మాత్రం వేరు. రెండింటినీ విడదీయడానికి ఒకే ఒక చర్య చాలు. తాళం "ఆఫ్" చేసి కనెక్టరును ఊడదీసి, మళ్ళీ "ఆన్" చేసి, కంప్యూటర్ వైపు నుంచి వచ్చే సంకేతపు తీగ మీద వోల్టేజి చూడాలి. ఇప్పుడు గ్రాహకం వలయంలో లేదు. 5 వోల్టులు కనిపిస్తే ఇంతసేపూ వాటిని మింగినది గ్రాహకమే. అప్పుడూ సున్నాయే అయితే ఆ సున్నాకు గ్రాహకం బాధ్యత లేదు.

వారికి అప్పుడూ సున్నాయే కనిపించింది. తండ్రి కనెక్టరు వద్ద తీగల కట్టను మెల్లగా అటూ ఇటూ వంచాడు. మీటరులో ఒక్క క్షణం 5 మెరిసి మాయమైంది. మళ్ళీ వంచితే మళ్ళీ మెరిసింది. కనెక్టరు వెనుక రబ్బరు సీలు చిరిగి ఉన్నది. ఏళ్ళ తరబడి లోపలికి చేరిన తేమకు, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు రాగి పోగులు ఆకుపచ్చని చిలుముగా మారి, ఒకటి రెండు పోగులు మాత్రమే మిగిలి ఉన్నాయి. కారు కుదుపుకు అవి కలిసినంతసేపు వేగమాపకం పలికేది, విడిపోతే మూగబోయేది. బ్యాటరీ కనెక్షను తీసి, చిలుము పట్టిన మేర తీగను కత్తిరించి, పొట్టి తీగలతో సహా అమ్మే కొత్త కనెక్టరును తెచ్చి అతికారు. మళ్ళీ అదే పరీక్ష చేశారు. ఈసారి చక్రం తిరుగుతుంటే మీటరు 5, 0, 5, 0 అని లెక్కపెట్టినట్లుగా చూపింది. గ్రాహకం మొదటి నుంచీ ఆరోగ్యంగానే ఉన్నదని అప్పుడు గాని రుజువు కాలేదు.

ఫలితం దీనికి విరుద్ధంగా కూడా వచ్చి ఉండవచ్చు. తీగ మీద 5 వోల్టులు చక్కగా ఉండి, చక్రం ఎంత తిప్పినా మారకపోతే, లేదా కనెక్టరు ఊడదీయగానే 5 కనిపిస్తే, అనుమానం గ్రాహకం మీదికి, దాని ఎదుట తిరిగే పళ్ళ చక్రం మీదికి పోతుంది. గ్రాహకాన్ని బయటికి తీసి, విరిగిన పన్ను, అంటుకున్న ఇనుప రజను ఉన్నాయేమో చూడాలి. అప్పుడు కొత్త సెన్సర్ కొనడం తప్పు కాదు. కొనడానికి ఆధారం ఉండడమే ముఖ్యం.

ఇతర జాతుల మాట

రెండు తీగల గ్రాహకానికి పరీక్ష ఇంకా సులువు. కనెక్టరు ఊడదీసి, గ్రాహకం రెండు పిన్నుల మధ్య నిరోధాన్ని ఓముల్లో కొలవాలి. సాధారణంగా కొన్ని వందల నుంచి రెండు మూడు వేల ఓముల దాకా ఉంటుంది. ఆ కారుకు ఉండవలసిన విలువ గ్రంథంలో దొరుకుతుంది. అనంతం చూపితే లోపలి తీగ తెగింది, సున్నాకు దగ్గరైతే చుట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి. రాగి నిరోధం ప్రతి సెంటీగ్రేడు డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. చల్లని ఉదయం 1000 ఓములు చూపిన గ్రాహకం, ఇంజను వేడికి ఎనభై డిగ్రీలు పెరిగితే 1300 చూపడం సహజధర్మం, లోపం కాదు. తరువాత మీటరును ఏకాంతర విద్యుత్తు వోల్టుల మీద పెట్టి చక్రం తిప్పితే చిన్న వోల్టేజి కనిపించాలి, వేగంగా తిప్పితే పెరగాలి. హాల్ గ్రాహకానికి మాత్రం ఈ ఓముల పరీక్ష వర్తించదు. లోపల ఎలక్ట్రానిక్ వలయం ఉన్నందున ఆ అంకెకు అర్థం ఉండదు.

కొత్త కార్లలో చాలావాటికి ప్రత్యేకమైన వేగ గ్రాహకమే లేదు. నాలుగు చక్రాల వద్ద ఏబీఎస్ బ్రేకుల కోసం అమర్చిన గ్రాహకాల నుంచే కంప్యూటర్ వేగాన్ని గ్రహిస్తుంది. వాటిలో అనేకం వోల్టేజికి బదులుగా 7, 14 మిల్లీ ఆంపియర్ల ప్రవాహాల మధ్య మారుతూ సంకేతం ఇస్తాయి. వాటికి రెండే తీగలున్నా ఓముల పరీక్ష పనికిరాదు. ఏబీఎస్ వివరాలను కూడా చూపగల స్కానరును సాకెట్టుకు తగిలించి, ఖాళీ స్థలంలో తిన్నగా నెమ్మదిగా నడుపుతూ, పక్క సీటులోని వ్యక్తి నాలుగు చక్రాల వేగాలను పోల్చి చూడాలి. మూడు ఒక విధంగా, ఒకటి వేరొక విధంగా చెబితే, మొదట ఆ చక్రం తీగను, కనెక్టరును చూడాలి. నడిపే వ్యక్తి దృష్టి మాత్రం దారి మీదనే ఉండాలి.

అభ్యంతరాలు

దీనిపై కొన్ని అభ్యంతరాలు రావడం సహజం. "గంటకు ఇంత సంపాదించేవారు శనివారం పూట తీగలు పట్టుకు కూర్చోవడం లాభసాటియా?" అనేది మొదటిది. గరాజులో పరిశీలన రుసుమే వంద డాలర్లు దాటడం అమెరికాలో సాధారణం, అయినా లెక్క డాలర్లలో మాత్రమే చూసుకుంటే ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఇదే కుటుంబాలు పిల్లలను వేసవి విజ్ఞాన శిబిరాలకు పంపి, అంతకు అనేక రెట్లు వెచ్చిస్తున్నాయి. శిబిరంలో ఇచ్చే ప్రయోగానికి జవాబు ముందే తెలిసి ఉంటుంది. ఇంటి ముంగిట నిలిచిన కారుకు జవాబు ఎవరికీ తెలియదు. తెలియని జవాబును వెదకడం కన్నా మేలైన శిక్షణ ఏమున్నది?

రెండవ అభ్యంతరం, ఇది మెకానిక్కులను అవమానించడమనేది. నిజం దీనికి విరుద్ధం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక్క గంట నిలబడి చూసినవారికి తెలుస్తుంది, అక్కడి మంచి మేస్త్రీ చెవితో విని, వేలితో తడిమి, ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టివేస్తూ పోతాడు. అతడు చేసేది పరీక్షే. స్వయంగా ఒకసారి కొలిచి చూసినవారికే అతని నైపుణ్యం విలువ బోధపడుతుంది. పని చేతకాక గరాజుకు వెళ్ళినా, "సంకేతపు తీగ మీద 5 వోల్టులు రావడం లేదు" అని చెప్పి వెళ్ళడానికీ, "దీపం వెలిగింది" అని వెళ్ళడానికీ ఎంతో తేడా ఉన్నది. మొదటి మాట నిజాయితీపరుడైన మెకానిక్కు సమయాన్ని ఆదా చేస్తుంది, కానివాడిని జాగ్రత్తపరుస్తుంది.

మూడవది, "కారు నడుస్తూనే ఉన్నది కదా, వదిలేస్తే ఏం?" అనేది. చాలా కార్లలో ఈ సంకేతం ఆగితే మైళ్ళను లెక్కించే ఓడోమీటరు కూడా ఆగిపోతుంది. అమెరికాలో 1972 నాటి చట్టం ప్రకారం ఓడోమీటరును మోసపూరితంగా మార్చడం నేరం. అది చూపే సంఖ్య వాస్తవం కాదని తెలిసినప్పుడు అమ్మేవారు ఆ సంగతి వెల్లడించాలి. పాత కారును తోటి తెలుగు విద్యార్థికి అమ్మేటప్పుడు ఇది చట్టానికి మాత్రమే కాదు, మనస్సాక్షికి కూడా సంబంధించిన విషయం.

చివరిగా హక్కు మాట. కొన్న యంత్రాన్ని తామే పరీక్షించుకునే, తమకు నచ్చినవారిచేత బాగుచేయించుకునే అవకాశం ఎవరి దయవల్లనో వచ్చినది కాదు. మాసచూసెట్స్ రాష్ట్రంలో 2012 నవంబరులో ఓటర్లు మరమ్మతు హక్కు చట్టాన్ని ఆమోదించారు. 2014లో వాహన పరిశ్రమ సంఘాలు ఆ సూత్రాన్ని దేశమంతటికీ వర్తింపజేసే ఒప్పందానికి వచ్చాయి. కార్లు తమ సమాచారాన్ని గాలిలోనే కంపెనీకి పంపుతున్న కాలంలో, 2020లో అదే రాష్ట్రపు ఓటర్లు మళ్ళీ ఈ ప్రశ్నను ఎదుర్కొని, యజమాని పక్షానే నిలిచారు. వాడని హక్కు ఉన్నా లేనట్టే.

చేతిపని, చదువు

ఈ నిరాసక్తతకు మూలం సమయాభావం కాదు, ఒక పాత అలవాటు. చదువుకున్నవాడు పానా పట్టడం నామోషీ అనే భావన సముద్రాలు దాటి వచ్చింది. గ్రీజు అంటిన చేయి చదువు అబ్బనివాడిదని కొన్ని తరాలు నమ్మాయి. చరిత్ర దీనిని సమర్థించదు. విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న ఫారడే కమ్మరివాని కుమారుడు, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చినవాడు. 1825లో బెంజీనును వేరుచేసిన రసాయన శాస్త్రవేత్త కూడా ఆయనే. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు బడిలో చదివినది స్వల్పం. యంత్రాలను విప్పి చూసి నేర్చుకుని, 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక బస్సుతో ఆరంభించి, పెద్ద రవాణా సంస్థను, పరిశ్రమలను నిర్మించాడు. వీరికి చేయి, బుద్ధి వేరువేరు కావు.

అందుచేత ప్రవాసాంధ్ర కుటుంబాలు ఏడాదికి ఒకసారైనా ఇటువంటి పరీక్షను పిల్లలతో కలిసి చేయడం అవసరం. ఆయుధపూజ మరునాడు అందుకు మంచి రోజు. పరీక్షించే వస్తువు వేగ గ్రాహకమే కానక్కరలేదు. ఇంట్లో వేడినీళ్ళ ట్యాంకు కావచ్చు, బట్టలు ఆరబెట్టే యంత్రం కావచ్చు. నియమాలు మాత్రం ఒక్కటే: మొదట చదవాలి, ప్రమాదం లేకుండా అమర్చుకోవాలి, అనుమానాలన్నీ కాగితం మీద రాయాలి, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, తెలియని చోట ఆగాలి.

ఆ కుటుంబం చివరి పరీక్షను ఆదివారం ఉదయం, రద్దీ లేని వేళ రహదారి మీద చేసింది. తండ్రి గంటకు 60 మైళ్ళ వద్ద స్థిరంగా నడుపుతుండగా, వెనుక సీటులో కూతురు రోడ్డు పక్క మైలు గుర్తులను చూస్తూ స్టాప్‌వాచీ నొక్కింది. వేగమాపకం నిజం చెబుతున్నట్లయితే ఒక మైలుకు 60 సెకన్లు పట్టాలి. 62 పట్టింది. 3600ను 62తో భాగిస్తే సుమారు 58. ముల్లు రెండు మైళ్ళు ఎక్కువ చూపుతున్నదన్నమాట. ఇంత తేడా రోగం కాదు. ఐరోపా నిబంధనల ప్రకారం వేగమాపకం అసలు వేగంకన్నా తక్కువ చూపకూడదు గాని, కొంత ఎక్కువ చూపవచ్చు. టైర్ల అరుగుదల కూడా కొంత తేడా తెస్తుంది.

"ఒక్క మైలు చాలదు నాన్నా, ఇంకో రెండు చూద్దాం" అన్నది కూతురు, తరువాతి గుర్తు కోసం కిటికీ వైపు తిరుగుతూ. తల్లి ఆమె నోటు పుస్తకంలో తేదీ, వేగం, సెకన్లు రాసి, కింద రెండు గళ్ళు ఖాళీగా ఉంచింది.